కీచు

సోహార్ షెడ్డుల అల్యూమినియం కిటికీలు కోస్త నేను.
పదకొండేండ్లు. ఒకటే రంపం.
తెల్లగుండె వచ్చినప్పుడు, ఇప్పుడు దాని రంగేందో అడగొద్దు.

మొన్న దాని బేరింగు పోయింది.
స్టోర్‌ల ఇద్రీస్ చాచా ఫారం తీసిండు.
సూడాన్ మనిషి, కండ్లద్దాలకు దారం కట్టుకుంటడు.
ఫారంల ఒక గడి: చప్పుడు ఎట్లుంది?
"మీ భాషల చెప్పు, నేను అరబ్బీల దించుకుంట" అన్నడు.

కీచు, అన్న.

"ఇది మాటనా, చప్పుడా?"

ఎట్ల చెప్పాలె.
పెద్ద చప్పుడు కాదు చాచా, సన్నది.
సూది సన్నగుంటెనే గద దిగేది.
ఉరుము కీచుమనదు. డప్పు కీచుమనదు.
కొత్త చెప్పులు కిర్రుమంటయి, అది సంబరం,
వినాల్నని గట్టిగ తొక్కి నడుస్తడు కొన్నోడు.
పిచ్చుకలది కిచకిచ, దానికి ఎవ్వలికీ కోపం రాదు.
బలపం పలక మీద అడ్డంగ జారినప్పుడు
బడి మొత్తం పండ్లు గిట్టకరుచుకుంటది చూడు,
అది.
మెట్‌పల్లి డిపో మలుపుల బస్సు బ్రేకు పడితే
తాగినోనికి సుత దిగిపోతది, అది.
నల్లా కాడ ఇద్దరు తోడికోడండ్లు
రక్తం రాకుండ కొట్టుకుంటే కీచులాట.
మీసమొచ్చినా గొంతు పగలకపోతే కీచుగొంతోడు.
(అది నేనే. కబడ్డీల నన్ను కూతకు పంపకపోదురు,
ఎదుటోళ్లు నవ్వుతరని.)
రాత్రి గడ్డిల కనపడకుండ మొత్తుకునేది కీచురాయి.

"రాయి? పురుగును రాయి అంటరా?"
అంటం. ఎందుకో మా తాతకు సుత తెల్వదు.

ఆయన రాసుకున్నడు: సరీర్.
కలం కాయితాన్ని గీకితే వచ్చే చప్పుడుకూ
అదే మాటంట వాళ్లకు.
నేను ఆగమైన: సరీర్ అంటే మంచం గద?
క్యాంపుల ఇనుప మంచాలను అట్లనే గద పిలుస్తరు?
"అది వేరే స. నాలుక మందం జేసి అను."
అన్న. ఇంకోసారి అన్న.
నా నోట్లె రెండూ ఒక్కటే అయినయి.
పిలవకుండనే మన శరీరం వచ్చి
ఆ రెండింటి నడుమ పండుకుంది.

శుక్రవారం కంపెనీ క్లినిక్‌ల చెవుల పరీక్ష.
బిన్సీ సిస్టర్ నా తలకు డొప్పలు తొడిగి
వినవడితే బటన్ నొక్కుమన్నది.
బొంగురువి వచ్చినయి, నొక్కిన.
నడిమివి వచ్చినయి, నొక్కిన.
తర్వాత చాలాసేపు ఏం రాలే.
అద్దం అవతల ఆమె చెయ్యి మాత్రం
మీట తిప్పుకుంటనే ఉంది.

కాయితం మీద గీత మంచిగనే నడిచి నడిచి
చివర్ల బాయిల పడ్డట్టు పడ్డది.
"సన్నవి పోయినయి" అన్నది బిన్సీ,
జేబుల చిల్లర పోయిందన్నట్టు.
మాటలల్ల సుత స, ష, చ ముందు పోతయంట.

ఇప్పుడు చెప్తున్న, ఫారంల రాయించని సంగతి:
ఆ రోజు రంపం చప్పుడు నేను వినలే.
హెల్పర్ పోరడు లింబాద్రి
రెండు చెవులు మూసుకుంటే చూసిన.
చాచాకు చెప్పిన కీచు
పాత సామాను. ఇంటి నుంచి తెచ్చుకున్నది.

నిన్న రాత్రి కింది మంచంల నుంచి లింబాద్రి తన్నిండు.
"అన్నా, నువ్వు ఒరిగినప్పుడల్లా నీ మంచం
పండుకోనిస్తలేదు."
ఎట్లంటుందిరా?
చెప్పిండు.
నాకు "కీ" వినవడ్డది,
తర్వాత ఒక సందు,
సందు అవతల చిన్న "ఉ".

ఇంకోసారి అను.
కీ... ఉ.
గొంతు పెంచిండు. పక్క మంచపోడు తిట్టిండు.
కీ... ఉ.

అరచెయ్యి ఇనుప పట్టె మీద ఆనించి
మెల్లగ పక్కకు ఒరిగిన.
వేళ్లల్ల ఏదో సన్నగ గిలిగింత పెట్టి పోయింది.
వంగి కిందికి చూసిన.
ఫోన్ వెలుగుల లింబాద్రి
రెండు చెవులు మూసుకొని ఉన్నడు.

అయితే సరిగ్గనే అంటుంది.